గొడుగు తీసేసిన రోజు

మే నెల విజయవాడలో, ఏసీ ఆపేసిన హాల్లో కూర్చోబెట్టి "కొత్తగా ఆలోచించండి" అంటే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒక్కటే: ఇంటికెళ్లిపోదామని. అది చీటీ మీద రాసి గోడకి అంటించే ధైర్యం మాత్రం మాలో ఎవరికీ లేకపోయింది.

మా మీటింగ్ హాల్ ఏసీ నిజానికి బాగానే చల్లబరుస్తుంది. నీళ్లు పోయే పైపులో పాచి పూడుకుపోయి, బయటికి పోవాల్సిన నీళ్లు సరిగ్గా జీఎం గారి కుర్చీ మీద కారతాయి, అంతే. మెకానిక్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా "దారిలో ఉన్నా సార్" అంటాడు. అడ్మిన్ వాళ్లు ఫైలు పెట్టారు. ఫైలు పైకి వెళ్లింది, నీళ్లు కిందికి వస్తూనే ఉన్నాయి.

ఈలోగా స్టోర్స్ బాబాయ్ (ఆఫీసులో అందరికీ బాబాయే) ఒక సాయంత్రం నిచ్చెనేసుకుని, ఎవరో మర్చిపోయిన నల్లగొడుగుని తిరగేసి ఏసీ కింద వేలాడదీశాడు. మొన దగ్గర చిల్లు పెట్టి, అందులో మెడికల్ షాపులో కొన్న సెలైన్ పైపు దూర్చి, చుట్టూ ఎంసీల్ పూసి, రెండో కొస బకెట్‌లో వేశాడు. చూస్తే ఐసీయూలో పేషెంట్‌లా ఉండేది ఏసీ. కానీ చుక్క కింద పడలేదు. ఆయమ్మ ఆ బకెట్ నీళ్లతోనే హాలంతా తడిగుడ్డ పెట్టేది. బాబాయ్ అప్రైజల్‌లో మాత్రం ఏటా ఒకటే మాట: "పద్ధతి పాటించడు." ఆ ఫారంలో గొడుగులకి గడి లేదు మరి.

ఇంతలో హెచ్ఆర్ మేడం హైదరాబాద్ నుంచి ట్రైనర్‌ని పిలిపించింది. టాపిక్ "అవుటాఫ్ ది బాక్స్ థింకింగ్". పొద్దున్నే హాలు చూడ్డానికొచ్చి గొడుగు దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటి బాబాయ్ గారూ! గెస్టు ఏమనుకుంటారు? తీసేయండి."

"దాని కిందే జీఎం గారు కూర్చుంటారమ్మా."

"ప్రొఫెషనల్‌గా ఉండాలండీ."

గొడుగు దిగింది. ఇకముందు పర్మిషన్ లేకుండా ఎవరికీ ఇవ్వకూడదని నిచ్చెనకి తాళం కూడా పడింది.

ట్రైనర్ పసుపు చీటీల కథతో మొదలెట్టాడు. అమెరికాలో త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే ఆయన 1968లో గట్టి జిగురు చేయబోతే, అంటుకున్నట్టే అంటుకుని ఊడొచ్చే జిగురు తయారైందట. ఏళ్ల తరబడి అది దేనికీ పనికి రాలేదు. 1974లో అక్కడే పనిచేసే ఆర్ట్ ఫ్రై, చర్చిలో పాటల పుస్తకంలో పెట్టుకున్న గుర్తుకాగితాలు జారిపోతుంటే విసిగి, ఆ జిగురుని వాటికి రాశాడు. 1980కల్లా ఆ చీటీలు అమెరికా అంతటా అమ్మకానికొచ్చాయి. "ఆ కంపెనీలో పనివేళల్లో పదిహేను శాతం సొంత ఆలోచనలకి వాడుకోనిస్తారు" అన్నాడు ట్రైనర్.

"రోజుకి గంటా పన్నెండు నిమిషాలు," అన్నాడు వెనక వరసలోంచి బాబాయ్. "మన లంచ్ కంటే ఎక్కువే."

అప్పుడే మొదటి చుక్క జీఎం గారి బట్టతల మీద పడింది. రెండోది కళ్లజోడు మీద. ఏసీ కట్టేసి, ఫ్యాన్లు ఐదులో పెట్టారు.

అప్పటికి గోడ నిండా మా సలహాలే. ఊడి రావడానికే పుట్టిన జిగురు కదా, ఫ్యాన్ గాలికి చీటీలన్నీ ఒక్కసారి లేచాయి. ఒకటి వడ దగ్గర పచ్చడిలో పడింది. ఒకటి ట్రైనర్ నోటి దాకా వచ్చి ఆగింది. జెరాక్స్ మిషన్ గురించి మా అకౌంటెంట్ రాసిన చీటీ మాత్రం వెళ్లి చెమటకి తడిసిన జీఎం గారి వీపుని పట్టుకుంది. దాని మీద ఇలా ఉంది: "బాగా పాతది. శబ్దమే తప్ప పని లేదు. వెంటనే మార్చాలి."

బ్రేక్‌లో ఆయన ఆ వీపుతోనే ఫ్లోరంతా తిరిగారు. ఎవరు చెప్పాలన్నదాని మీద మేనేజర్లు ప్యాంట్రీలో గుసగుసగా మీటింగ్ పెట్టుకున్నారు. మెయిల్ పెడదామన్నారొకరు. హెచ్ఆర్ చెబితేనే మర్యాదన్నారు ఇంకొకరు. హెచ్ఆర్ మేడంకి అర్జంటుగా ఫోనొచ్చింది. అకౌంటెంట్‌కి జ్వరమే వచ్చింది.

బాబాయ్ టీ గ్లాసు పక్కన పెట్టి నేరుగా వెళ్లాడు.

"సార్, కదలకండి. కందిరీగ."

జీఎం గారు బిగుసుకుపోయారు. బాబాయ్ వీపు మీద ఒక్క చరుపు చరిచి, చీటీ పీకి జేబులో వేసుకుని, కిటికీ తెరిచి లేని కందిరీగని బయటికి తోలాడు.

"థాంక్సయ్యా," అన్నారు జీఎం గారు, ముచ్చెమటలు తుడుచుకుంటూ. ఆ వెంటనే అడ్మిన్‌ని పిలిచి గట్టిగా మందలించారు.

సాయంత్రం బెస్ట్ ఐడియాకి బహుమతి ఇచ్చారు. నెలకోసారి ఇలాంటి ట్రైనింగ్ పెట్టాలన్న మేడం చీటీకి వచ్చింది.

మర్నాడు తొమ్మిదింటికల్లా పెస్ట్ కంట్రోల్ వాళ్లు దిగి, కందిరీగల గూడు కోసం ఆఫీసంతా గాలించారు. దగ్గరుండి అన్ని మూలలూ చూపించింది బాబాయే. మీటింగ్ హాల్లోకి రాగానే "మీరు కాస్త టీ తాగి రండయ్యా" అని వాళ్లని పంపేసి, వాళ్ల నిచ్చెనెక్కి గొడుగు కట్టేశాడు.