రెండో వాట్సాప్ గ్రూపు గారికి

మహారాజశ్రీ రెండో వాట్సాప్ గ్రూపు గారి దివ్యసముఖానికి, బెజవాడ నుంచి ఒక బైపీసీ పిల్ల వాళ్ల అక్క రాసుకున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈసారికి మన్నించాలి.

ముందుగా తమ పనితనానికో దండం. తిట్టరు, కొట్టరు, జడ లాగరు. క్లాసు గ్రూపుని అలాగే ఉంచేసి, ఒక్క పేరు తగ్గించి పక్కనే తమరు వెలుస్తారు. ఆదివారం బందరు రోడ్డులో సినిమా ప్లాను తమ దగ్గరే పుడుతుంది. స్టేటస్‌లో ఫోటోలు పడేదాకా మా చెల్లికి తెలియదు. సోమవారం అడిగితే, "అయ్యో, నీకెవరూ చెప్పలేదా? చెప్పుంటారనుకున్నామే!" అందరిదీ అదే డైలాగు. రిహార్సల్ కూడా తమ దగ్గరే జరుగుతుందేమో!

బోటనీ రికార్డులో బొమ్మలు వేయించుకోవాలంటే మాత్రం పాత గ్రూపులో 'బంగారం' అని పిలుపొస్తుంది. పిచ్చిది, కొన్నాళ్లు వేసిపెట్టింది కూడా, అలాగైనా కలుపుకుంటారని. తర్వాత లంచ్‌లో ఫోనొచ్చినట్టు నటిస్తూ మెట్ల దగ్గర తినడం నేర్చుకుంది.

కాలేజీకి వెళ్లి చెప్పాం. "ఎవరైనా ఏమైనా అన్నారా అమ్మా?" అన్నారు. ఎవరూ ఏమీ అనకపోవడమే కదండీ గొడవ! గోడ మీద 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం బోర్డుంది. పలకరించకపోవడానికి అందులో సెక్షన్ చూపించమన్నట్టు నా వంక చూశారు. మా అమ్మయితే "వాళ్లతో నీకెందుకే, చదువుకో" అని తేల్చేసింది. మనసు బాగోకపోతే మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416 టెలీమానస్‌కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు అని నేనంటే, "నాకేమన్నా పిచ్చా అక్కా?" అంది.

ఈమధ్య ఎంపీసీ అమ్మాయి ఒకతి దొరికింది. ఇద్దరూ గుణదల బస్సులో కలిసి వస్తున్నారు. ఇంటికొచ్చాక ఆ పిల్ల కబుర్లే. తమ గొప్ప తగ్గించడం కాదుగానీ, కాస్త అన్నం సయిస్తోంది.

ఇంకో సంగతి, తమ అడ్మిన్ గారి చెవిన వెయ్యండి. నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రాట్‌పీటర్ అనే పరిశోధకులు 1995లోనే బడిపిల్లల్లో ఈ విద్యను కొలిచి చూశారు. పక్కవాళ్లని ఇలా వెలివేసే పిల్లల్లోనూ ఒంటరితనం ఎక్కువే కనిపించిందట.

నిజమే కాబోలు. మొన్న మూడో గ్రూపు పుట్టింది. అందులో తమ అడ్మిన్ లేదు. చేరమని మా చెల్లికి లింకొచ్చింది. నొక్కనూ లేదు, తీసెయ్యనూ లేదు.

ఇట్లు,
మూడు గ్రూపుల్లోనూ లేని అక్క