చెరిగిన మాట, పుట్టిన లోకం: ఆధునిక ఫాంటసీ పురాణం దగ్గర ఏం తీసుకుంది?

పాత ఇంగ్లీషు కావ్యం ‘బియోవుల్ఫ్’కు లోకంలో మిగిలింది ఒకే ఒక్క రాతప్రతి. సుమారు వెయ్యేళ్ళ నాటి ఆ ప్రతి, 1731లో తానున్న లండన్ భవనం తగలబడినప్పుడు బూడిద కాకుండా బయటపడింది గానీ, అంచులు కమిలి, పెళుసుబారి, ఆ తర్వాత కొద్దికొద్దిగా రాలిపోతూ వచ్చింది. 3182 పాదాల ఆ కావ్యం చివరి భాగంలో ఒక పుట మరీ శిథిలమై ఉంటుంది. మూడు వందల ఏళ్ళుగా గుట్ట కింద నిధికి కాపలా కాస్తున్న డ్రాగన్ నిద్రలో ఉండగా ఎవడో ఒకడు లోపలికి దూరి ఒక పానపాత్ర పట్టుకుపోతాడు. డ్రాగన్ మేలుకుని ఊళ్ళు తగలబెడుతుంది. ముసలి రాజు బియోవుల్ఫ్ దానితో పోరాడి, దాన్ని చంపి, తానూ చనిపోతాడు. ఇంత అనర్థానికి కారణమైన ఆ మనిషి ఎవడు? దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చినవాడని కావ్యం చెబుతుంది. అతన్ని సూచించే మాటలో మాత్రం మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. ఆ మాట బానిస అయి ఉండాలని కొందరు, సేవకుడని కొందరు, దొంగ అని కొందరు పండితులు తలా ఒక రకంగా పూరించుకున్నారు.

ఆ ఖాళీని ఎవరూ ఊహించని తీరులో పూరించినవాడు జె.ఆర్.ఆర్. టోల్కీన్. 1925 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో-సాక్సన్ (అంటే పాత ఇంగ్లీషు) ఆచార్యుడిగా పనిచేసిన ఆయన, 1936లో బ్రిటిష్ అకాడమీలో ఇచ్చిన ఉపన్యాసంలో, బియోవుల్ఫ్‌ను చరిత్ర కోసం తవ్వుకునే గనిలా చూడడం మానేసి కావ్యంగా చదవాలనీ, అందులోని రాక్షసులూ డ్రాగనూ కవి చేసిన పొరపాటు కాదనీ, కావ్యానికి అవే ఆయువుపట్టనీ వాదించారు. మరుసటి ఏడాది ఆయన నవల ‘ది హాబిట్’ వచ్చింది. అందులో బిల్బో అనే పొట్టివాడు, వేళకు తిండీ కాళ్ళు చాపుకునే కుర్చీ ఉంటే చాలనుకునే గృహస్థుడు, డ్రాగన్ గుహలోకి సొరంగం గుండా దిగి ఒక పాత్ర పట్టుకొస్తాడు. డ్రాగన్ మేలుకుంటుంది, సరస్సు మీది పట్టణం కాలిపోతుంది. ఈ పోలిక గురించి 1938లో ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో టోల్కీన్, ఆ దొంగతనం కథలోని పరిస్థితుల నుంచి దానంతట అదే వచ్చిందనీ, బియోవుల్ఫ్ కవిని అడిగినా ఇదే మాట చెబుతాడేమోననీ అన్నారు. ప్రాచీన కావ్యంలో పేరు కూడా దక్కని మనిషి ఇక్కడ కథానాయకుడు అయ్యాడు. ఆధునిక ఫాంటసీకి పురాణంతో ఉన్న అసలైన బంధుత్వం నాకు ఇక్కడే కనిపిస్తుంది. దేవుళ్ళ పేర్లలో, దివ్యాయుధాల పట్టికల్లో వెతికితే అది దొరకదు. పురాణం చెప్పకుండా వదిలేసిన చోటు ఒకటి, తీర్చకుండా వదిలేసిన బాకీ ఒకటి, ఈ రెండింటి నుంచే మంచి ఫాంటసీ పుడుతుంది.

పేర్లు తీసుకోలేదా అంటే, టోల్కీన్ తీసుకున్నారు. అదీ గుత్తగా తీసుకున్నారు. ప్రాచీన నార్స్ (స్కాండినేవియా) పద్యాల సంకలనమైన ‘ఎడ్డా’లోని ‘వొలుస్పా’ అనే పద్యంలో మరుగుజ్జుల పేర్ల జాబితా ఒకటి ఉంది. థోరిన్, ద్వాలిన్, బిఫుర్, బోఫుర్, బొంబుర్, ఫీలి, కీలి, ఇవన్నీ అక్కడివే. ఆ జాబితాలోనే గాండాల్ఫ్ అనే పేరూ ఉంది. దానికి ‘మంత్రదండం గల ఎల్ఫ్’ అని అర్థం చెబుతారు. ఎల్ఫులు ఆ గాథల్లో మరుగుజ్జులకు భిన్నమైన మరో మాయాజాతి. మరుగుజ్జుల జాబితాలో ఎల్ఫ్ ఎందుకున్నాడు? చేతిలో దండం ఎందుకుంది? నార్స్ కవి చెప్పలేదు. ఈ పొసగని తనం నుంచే టోల్కీన్ మాంత్రికుడు రూపుదిద్దుకున్నాడని విమర్శకుడు టామ్ షిప్పీ వివరించారు. హాబిట్ తొలి చిత్తుప్రతుల్లో గాండాల్ఫ్ అన్నది మరుగుజ్జుల నాయకుడి పేరు, మాంత్రికుడికి వేరే పేరుండేది అన్న సంగతి ఈ వివరణకు బలం ఇస్తుంది. ఒక భాషాశాస్త్రజ్ఞుడు పేరు దగ్గర ఆగి, దాని వ్యుత్పత్తి అడిగి, జవాబు దొరక్క కథ చెప్పుకున్నాడు. పేరును ఎత్తుకురావడానికీ పేరును ప్రశ్నించడానికీ మధ్య ఉన్న ఈ తేడాను ఆయన తర్వాత వచ్చిన అనుకర్తలు చాలామంది పట్టుకోలేకపోయారు.

టోల్కీన్‌కు ఒక బెంగ ఉండేది. గ్రీకులకు, నార్స్ ప్రజలకు, ఫిన్లాండ్ వారికి ఉన్నట్టుగా తన భాషతో, తన నేలతో ముడిపడిన గాథలు ఇంగ్లండ్‌కు మిగల్లేదని 1951 ప్రాంతంలో ఒక ప్రచురణకర్తకు రాసిన సుదీర్ఘమైన ఉత్తరంలో ఆయన చెప్పుకున్నారు. ఫిన్లాండ్ ఉదాహరణ ఆయన మనసులో ఎప్పుడూ మెదిలేది. అక్కడ ఎలియాస్ లోన్‌రోట్ అనే వైద్యుడు పల్లెలు తిరిగి, గాయకుల నోటి పాటలు రాసుకుని, వాటిని కూర్చి 1835లో ‘కలేవల’ను ప్రచురించాడు, 1849లో దాన్ని బాగా పెంచాడు. అందులో కుల్లెర్వో అనే దౌర్భాగ్యుడు తెలియక సొంత చెల్లెలినే చెడగొట్టి, చివరికి తన రక్తం తాగుతావా అని కత్తిని అడుగుతాడు. కత్తి జవాబు చెబుతుంది. విద్యార్థిగా ఉన్నప్పుడే, 1914 ప్రాంతంలో, టోల్కీన్ ఈ కథను తిరగరాయడం మొదలుపెట్టారు. అదే తర్వాత ఆయన సొంత గాథల్లో తూరిన్ కథ అయింది. కత్తి అక్కడా మాట్లాడుతుంది. అయితే తూరిన్ చుట్టూ ఉన్న శాపం, వంశం, యుద్ధం, ఓటమి కలేవలలోవి కావు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో కందకాల్లో గడిపి, దగ్గరి స్నేహితులను పోగొట్టుకున్న మనిషి తెచ్చి చేర్చిన బరువు అది.

ఈ చర్చకు మన దగ్గర నాలుగు వందల ఏళ్ళకు పైబడిన పరిభాష ఉంది. వసుచరిత్ర కర్త రామరాజభూషణుడు కథలను రత్నాలతో పోల్చి మూడు తరగతులు చేశాడు: కేవలం కల్పించిన కథలు కృత్రిమ రత్నాలు, ప్రాచీన సత్కథలు గనిలో పుట్టిన రత్నాలు, సత్కవి కల్పనతో మెరుగు దిద్దుకున్న పూర్వకథలు సానపట్టిన జాతిరత్నాలు. భారతం ఆదిపర్వంలో ఉపరిచర వసువు కథ కొద్దిపాటిదే. కోలాహల పర్వతం శుక్తిమతీ నదిని అడ్డగించడం, వసురాజు ఆ కొండను కాలితో తన్నడం, గిరిక పుట్టడం, అంతే. ఆ కొద్దిపాటి కథ మీదే ఆయన ఒక ప్రబంధం నిలబెట్టాడు. అదే పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయం రాసి, కల్పిత కథ ఎంతమాత్రం నకిలీ రాయి కాదని చేసి చూపించాడు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ లోకంలో మనుషులై పుట్టి జరగడం అన్న ఊహ ఈనాటి ఏ ఫాంటసీ రచయితనైనా అసూయ పడేలా చేస్తుంది. రామరాజభూషణుడి తీర్పును నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆయన వాడిన ‘సాన’ అనే మాటను మాత్రం విమర్శకులు గట్టిగా పట్టుకోవాలి. రాయి ఎక్కడిది అని అడిగి ఊరుకుంటే చాలదు, సాన ఎక్కడ పట్టారు అని అడగాలి.

ఈ ప్రశ్న అడిగితే గత అరవై డెబ్భై ఏళ్ళలో వచ్చిన రచనల్లో పెద్ద భాగం నిలబడదు. టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చి జనాదరణ పొందాక, ఎల్ఫులు, మరుగుజ్జులు, చీకటి ప్రభువు, మ్యాపు, ప్రయాణం అన్నీ తయారుగా దొరికే సరుకులైపోయాయి. 1949లో అమెరికన్ పురాణ పండితుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ ప్రపంచ పురాణాలన్నింటిలోనూ ఒకే వీరుడి ప్రయాణం ఉందని చెప్పిన సిద్ధాంతం రచయితలకు కొలతబద్ద అయి కూర్చుంది. ఇల్లు విడిచి వెళ్ళడం, గురువు దొరకడం, పరీక్ష, తిరిగి రాక అనే మెట్లు లెక్కపెట్టుకుంటూ రాసిన కథలో ఏ పురాణమైనా ఒకే రుచిగా ఉంటుంది. కర్ణుడినీ కుల్లెర్వోనూ ఒకే మూసలో పోస్తే ఇద్దరిలోనూ మనకు కావలసింది కారిపోతుంది.

అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ ఆ మూసకు లొంగలేదు. ఆమె తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రజ్ఞుడు. కాలిఫోర్నియా ఆదివాసుల భాషలు, గాథలు ఆ ఇంట్లో రోజువారీ మాటలు. 1968లో ఆమె సృష్టించిన ఎర్త్‌సీ ద్వీపలోకంలో వస్తువు నిజమైన పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది. చాలా జాతుల మాంత్రిక విశ్వాసాల్లో ఉన్న నమ్మకమే ఇది. గెడ్ అనే రాగిరంగు చర్మం గల కుర్రవాడు గర్వంతో చనిపోయినవారిని పిలవబోయి ఒక నీడను లోకంలోకి వదులుతాడు. దాని నుంచి పారిపోయి, తర్వాత దాన్నే వెంటాడి, సముద్రం చివర దానికి ఎదురునిలిచి తన పేరుతోనే దాన్ని పిలుస్తాడు. యుద్ధం లేదు, విజయధ్వానం లేదు. అంతకంటే పెద్ద సంగతి తర్వాత జరిగింది. ఆ మొదటి పుస్తకంలో ఆడవాళ్ళ మంత్రం బలహీనమనీ, దుష్టమనీ అర్థం వచ్చే సామెతలు ఉన్నాయి. మాంత్రికుల విద్యాలయంలో మగవాళ్ళే ఉంటారు. 1972లో మూడో పుస్తకంతో ఆగిన ఆ కథకు 1990లో ఆమె మళ్ళీ వచ్చి, శక్తి అంతా పోగొట్టుకున్న గెడ్‌ను ఒక రైతు వితంతువు ఇంట్లో మేకలు కాసే మనిషిని చేసి, తన లోకం ఆడవాళ్ళకు ఏం బాకీ పడిందో అడిగారు. తాను కట్టిన పురాణానికే మళ్ళీ సానపట్టిన రచయితలు అరుదు. అలిగిన పాఠకులు ఉన్నా ఆమె వెనక్కి తగ్గలేదు.

పురాణ మూలాల మాట ఎత్తినప్పుడు ఒక ప్రమాదాన్నీ గుర్తు చేసుకోవాలి. 1938లో హాబిట్‌ను జర్మన్‌లోకి తేదలుచుకున్న జర్మనీలోని పోట్స్‌డామ్ ప్రచురణ సంస్థ ఒకటి టోల్కీన్‌ను మీరు ఆర్యులేనా అని అడిగింది. ఆయన రాసిన జవాబు చిత్తు ఒకటి మనకు దొరుకుతోంది. ఆర్య అంటే ఇండో-ఇరానియన్ అని తనకు తెలుసనీ, తన పూర్వీకుల్లో హిందుస్థానీ గానీ పర్షియన్ గానీ మాట్లాడినవారు లేరనీ, యూదుడివా అన్నదే ప్రశ్న అయితే అంతటి ప్రతిభావంతుల సంతతి తాను కానందుకు విచారిస్తున్నాననీ అందులో ఉంది. తాను ప్రాణంగా ప్రేమించిన ఉత్తరాది గాథలను హిట్లర్ చెడగొట్టాడని ఆయన 1941లో కొడుకుకు రాసిన ఉత్తరంలో మండిపడ్డారు. గాథను వంశగౌరవానికి రుజువుగా చేసిన క్షణంలో దానిలోని ఖాళీలు మూసుకుపోతాయి. రుజువులో సందేహానికి చోటుండదు, సందేహం లేనిచోట కథకు పని ఉండదు. మన దగ్గర పురాణాన్ని చరిత్రగా, విమానశాస్త్రంగా చదవమనే ఒత్తిడి పెరుగుతున్న ఈ రోజుల్లో ఇది మనకూ వర్తించే మాట.

తెలుగు రచయిత పరిస్థితి టోల్కీన్‌కు పూర్తిగా తలకిందులు. ఆయనకు పోయిన గాథలు, మనకు పోనివి. హరికథలో, తోలుబొమ్మలాటలో, ఒగ్గుకథలో, స్థలపురాణంలో, అమ్మమ్మ నోట్లో ఇంకా బతికే ఉన్న పురాణం దగ్గర ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? దొరుకుతుందనడానికి 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ సినిమాలోని అశ్వత్థామ ఒక రుజువు. సౌప్తిక పర్వంలో అతను నిద్రపోతున్న ఉపపాండవులను చంపి, పాండవ స్త్రీల గర్భాల మీదికి అస్త్రం వేసి, తల మీది మణి పోగొట్టుకుని, మూడు వేల ఏళ్ళు చీమూ నెత్తురూ ఓడుతూ ఒంటరిగా తిరగమన్న శాపంతో వెళ్ళిపోతాడు. శాపం తర్వాత అతని మనసులో ఏముందో వ్యాసుడు చెప్పలేదు. గర్భంలో శిశువును చంపబోయినవాడిని, యుగాల తర్వాత గర్భంలోని శిశువుకే కాపలాదారుగా నిలబెట్టిన ఊహ ఆ బాకీని సరిగ్గా పట్టుకుంది. ఆ సినిమాలో వాహనాలు, ఆయుధాలు, పోరాటాలు ఆక్రమించిన నిడివిలో సగం ఈ ఒక్క ముడికి ఇచ్చి ఉంటే బాగుండేది.

పురాణ పాత్రలను అసలు ముట్టుకోకుండా పనిచేసిన దారి కూడా మనకుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం, మాయాసరోవరం వంటి ధారావాహికల్లో అడవి, మాంత్రికులు, విచిత్ర జంతువులు, కూలిన కోటలు అన్నీ ఆయన కట్టుకున్నవే. తరాల పాఠకులు నెలనెలా ఎదురుచూసిన ఆ లోకాల గురించి మన విద్యాలయాల్లో పరిశోధనలు ఇంకా చాలా రావాలి. పిల్లల కథలని పక్కన పెట్టేయడం పెద్ద నష్టం.

ఖాళీని వెతికే చూపు కోసం ఆక్స్‌ఫర్డ్ దాకా పోనక్కర్లేదన్నది తెలుగు స్త్రీల రామాయణపు పాటలు చదివితే తెలుస్తుంది. వాల్మీకి ఊర్మిళ పెళ్ళి చేశాడు, ఆ తర్వాత ఆమె ఊసు దాదాపు ఎత్తలేదు. ఊర్మిళాదేవి నిద్ర పాట అక్కడ మొదలవుతుంది. లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్ళూ ఆమె నిద్రలోనే ఉంటుంది. అయోధ్యకు తిరిగి వచ్చాక, తమ్ముడిని ఇంటికి పంపమని రాముడికి గుర్తు చేసేది సీత. లక్ష్మణుడు వెళ్ళి పాన్పు మీద కూర్చుంటాడు. ఊర్మిళకు మెలకువ వస్తుంది గానీ, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. పరాయి మగవాడనుకుని, మా తండ్రి వింటే ఊరుకోడనీ, అక్కాబావలకు తెలిస్తే బతకనివ్వరనీ హెచ్చరిస్తుంది. పరుల ఆలిని కోరినందుకు ఇంద్రుడికి ఏమైందో, రావణుడికి ఏమైందో చెబుతుంది. లంకలో అంత యుద్ధం చేసి వచ్చినవాడు, భార్య ముందు కూర్చుని, తాను ఎవరో చెప్పుకోవలసి వస్తుంది.