గురువు లేని చిత్రకారుడికి గురువుల నియమావళి

జమైకాలో ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, దర్శనమైనట్టు బొమ్మలు వేయాలనుకునే వారికి కొన్ని నియమాలున్నాయి. పెట్టినవాళ్లంతా బాగా చదువుకున్నవాళ్లే కాబట్టి అనుమానం అక్కర్లేదు.

ముందు పేరు. ఒకప్పుడు ఇలాంటివారిని 'ప్రిమిటివ్', అంటే ఆదిమ, అనేవారు. అది మర్యాదగా లేదని 1979లో జమైకా నేషనల్ గ్యాలరీ తరఫున డేవిడ్ బాక్సర్ 'ది ఇంట్యూటివ్ ఐ' ప్రదర్శన పెట్టి, 'ఇంట్యూటివ్', అంటే లోపలి స్ఫూర్తితో వేసేవారు, అన్నారు. ప్రమోషన్ వచ్చినట్టే. జీతం సంగతి అడక్కండి.

చేసే పని ఏదైనా ఫర్వాలేదు, బొమ్మలు తప్ప. జాన్ డంక్లీది కింగ్‌స్టన్‌లో క్షౌరశాల. దాని నిండా పూలూ తీగలూ వేశాడు. ఎవరాల్డ్ బ్రౌన్ వడ్రంగి, రాస్తా భక్తుడు, అంటే ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దైవంగా కొలిచే జమైకా మతస్థుడు. నగరం వదిలి సెయింట్ ఆన్ కొండల్లో మర్రే మౌంటెన్ చేరాడు. అక్కడి సున్నపురాళ్లలో ఆయనకు ముఖాలు కనిపించేవి. మనవాళ్లైతే వెంటనే పసుపు కుంకుమ పూసి, పక్కన హుండీ పెట్టేవారు. ఆయనకు అంత వ్యాపారం తెలియదు, బొమ్మ వేసి ఊరుకున్నాడు. పైగా 1986లో నలుగురు కలిసి వాయించే వాద్యం ఒకటి చేశాడు. ఇలాంటివి గ్యాలరీలకు తలనొప్పి: వాయిస్తే అరిగిపోతుంది, 'ముట్టరాదు' అని బోర్డు పెడితే మూగబోతుంది.

సామగ్రి విషయంలో మాత్రం రాజీ వద్దు. పారేసిన ప్లైవుడ్ ముక్క, డబ్బా అడుగున మిగిలిన ఎనామిల్ పెయింటు. సముద్రపు తేమకు ప్లైవుడ్ అంచులు నీరు పీల్చి పొరలుగా విడిపోతాయి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) లేకపోతే చెక్క ఉబ్బినప్పుడల్లా పైనున్న రంగు పగిలి పెచ్చులుగా లేస్తుంది. నాలుగంచులకూ, ముందూ వెనకా రెండు కోట్లు ప్రైమర్ పట్టించి, మొదటిది బాగా ఆరాక రెండోది వేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కానీ అలా చేశారో, ఎవరో నేర్పారని దొరికిపోతారు! పెచ్చులూడటమే మీ అసలుతనానికి సాక్ష్యం. వాటిని తిరిగి అతికించేవాడికి మాత్రం డిగ్రీ తప్పనిసరి.

సింహం ఉండాలి, అది హైలే సెలాసీకి గుర్తు. జమైకా అడవుల్లో సింహాల్లేవు కాబట్టి మీది ఎలాగూ దర్శనంలో కనిపించినదే అవుతుంది. రంగులు ఎరుపు, పసుపు, పచ్చ. రాస్తా భజనల్లో వాయించే న్యాబింగీ డోళ్లు మూడు: బాస్‌ను గుడ్డ చుట్టిన కర్రతో కొడతారు, ఫుండే గుండె చప్పుడులా నడుస్తుంది, రిపీటర్ వాటి మీద ఆడుకుంటుంది. ఈ చివరి రెండూ చేతులతోనే. రిపీటర్ వాయించేవాడి చేతిలో కర్ర గీశారో, రాస్తా పెద్దలు నవ్వుతారు, పర్యాటకులు కొంటారు. ఎవరి మాట వినాలో మీకే తెలుసు.

గంజాయి సంగతి. ఆ మాట మనదేశం నుంచి వెళ్లినదే, 1845 నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కినవాళ్లతో. రాస్తాలకు అది పూజాద్రవ్యం, 2015 చట్టమూ ఒప్పుకుంది. 'గంజాయి వనంలో తులసి మొక్క' అని అక్కడెవర్నైనా మెచ్చుకుంటే, తిట్టారనుకుని మొహం చిన్నబుచ్చుకుంటారు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. పదేళ్లు రోజూ వేస్తే చెయ్యి తిరుగుతుంది, చెట్టు చెట్టులా వస్తుంది, కొనేవాళ్లు పెదవి విరుస్తారు. అలాంటి లక్షణాలు కనిపించిన రోజు నుంచి ఎడమ చేత్తో వేయండి.