డబ్బు మనది, తాళంచెవి వాళ్లదా?

బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకోబోతే పది నెలల అడ్వాన్స్ అడిగే ఆనవాయితీ ఒకటుంది. మారతహళ్లిలోనో, కేఆర్ పురంలోనో సామాను దించుకున్న తెలుగు కుటుంబాలకు ఆ లెక్క కొత్తేం కాదు. అంత వసూలు చేసే ఓనరు కూడా తాళంచెవి మాత్రం అద్దెకు దిగినవాళ్ల చేతిలోనే పెడతాడు. పాతిక వేలు పోసి కొన్న ఫోన్‌కు ఆ మర్యాద కూడా లేదు. అందులో ఏ యాప్ తీసేయకూడదో, అది ఎన్నేళ్లకు ముసలిదైపోవాలో కంపెనీయే తేలుస్తుంది.

ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్‌లో రూట్ అనే వాడుకదారుడికి అడ్డూ ఆపూ ఉండదు. ఆండ్రాయిడ్ ఒక్కో యాప్‌కు ఒక్కో నంబరు ఇచ్చి, ఒకదాని గదిలోకి మరొకటి తొంగిచూడకుండా గోడలు కట్టింది. మంచి ఏర్పాటే. కానీ రూట్ హోదా కొన్నవాడికి కూడా ఇవ్వలేదు. దాన్ని తెచ్చుకోవడాన్నే రూట్ చేయడం అంటున్నారు. ముందు బూట్‌లోడర్‌ను, అంటే ఫోన్ ఆన్ కాగానే ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో తేల్చే కాపలాదారు ప్రోగ్రామును, అన్‌లాక్ చేయాలి. ఆ దెబ్బకు ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఆ తర్వాత రూట్ హోదా తెచ్చిపెట్టే మ్యాజిస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. మధ్యలో తప్పు ఫైలు పడిందా, ఫోన్ బ్రిక్ అయినట్టే, అంటే ఇటుకలా మూగబోయినట్టే. ఇక దాన్ని పట్టుకుని ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో షాపు షాపుకూ తిరగడమే.

ఒకప్పుడు ఇంత తతంగం లేదు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1లో ఒక తమాషా పొరపాటు దొర్లింది. కీబోర్డు మీద ఏం కొట్టినా లోపల రూట్ దానిని ఆజ్ఞగా తీసుకునేది. స్నేహితుడికి మెసేజ్‌లో రీబూట్ అని టైపు చేస్తే ఫోన్ నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. గూగుల్ వెంటనే సరిదిద్దింది. కొందరు మాత్రం ఆ అప్‌డేట్ వద్దనుకున్నారు, దొరికిన తాళంచెవి పోతుందని!

రూట్‌ను మేము వెనకేసుకు రావడం లేదు. రూట్ ఇవ్వడమంటే గోడలన్నిటికీ తలుపులు పెట్టడమే. ఆ అనుమతి చేజిక్కించుకున్న యాప్ పక్క యాప్ దాచుకున్నదాన్ని చదవగలదు. బూట్‌లోడర్ తెరిచి వదిలేసిన ఫోన్ దొంగ చేతికి చిక్కితే వాడు తనకు నచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చు. యూట్యూబ్ వీడియో చూసి, ఎవరు తయారు చేశారో తెలియని వన్ క్లిక్ యాప్‌తో ఫోన్ రూట్ చేసే పీజీ కుర్రాళ్లకు చెప్పేది ఒకటే. ఆ ఫోన్‌లో జీతం ఖాతా పెట్టకండి.

అయితే బ్యాంకులు చేస్తున్నదీ సరిగ్గా లేదు. 2021 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన డిజిటల్ చెల్లింపుల భద్రతా ఆదేశాల్లో, ఫోన్ రూట్ అయిందో లేదో చూసి యాప్‌ను ఆపేసే వీలుందేమో పరిశీలించమని మాత్రమే ఉంది. ఆ పరిశీలన చాలాచోట్ల ఇనుప గేటుగా మారింది. బూట్‌లోడర్ తెరిచి, ఔత్సాహికులు తయారు చేసే లీనియేజ్ ఓఎస్ అనే ఆండ్రాయిడ్ రూపం వేసుకుని, ఈ నెల సెక్యూరిటీ ప్యాచ్‌తో నడుస్తున్న ఫోన్‌ను చాలా యాప్‌లు గుమ్మంలోనే ఆపేస్తాయి, రూట్ చేయకపోయినా సరే. నాలుగేళ్లుగా ఒక్క ప్యాచ్ కూడా పడని ఫోన్‌ను మాత్రం రా రమ్మని లోపలికి పిలుస్తాయి. ఇదేం భద్రత?

మోసాలు ఏ దారిన వస్తున్నాయో చూసినా సంగతి అర్థమవుతుంది. ట్రాఫిక్ చలానా కట్టండంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే యాప్‌గా ఎక్కే ఫైలు, వస్తుంది. ఈ ఊళ్లో బండి నడిపేవాళ్లకు చలానా మాట వింటేనే టెన్షన్. కంగారులో నొక్కేస్తారు, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతీ ఇచ్చేస్తారు. ఓటీపీ అటు, డబ్బు అటు. దీనికి రూట్‌తో పనే లేదు.

మా అసలు గొడవ పాత ఫోన్ల గురించి. అనంతపురం నుంచో, మదనపల్లె నుంచో వచ్చి ఇక్కడ డెలివరీ బండి నడిపే కుర్రాడి చేతిలో ఉండేది చవక ఫోన్. బ్యాటరీ మార్చుకుంటే ఇంకో మూడేళ్లు నడిచే సత్తా దానికుంది. చాలా కంపెనీలు మాత్రం రెండు మూడేళ్లకే చేతులు దులిపేసుకుంటాయి. ఖరీదైన పిక్సెల్, గెలాక్సీ ఎస్ ఫోన్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని కంపెనీలు 2023, 2024లలో ప్రకటించాయి. పదివేల ఫోన్ కొన్న చాలామందికి ఆ యోగం లేదు. అలాంటి ఫోన్‌కు మళ్లీ ప్రాణం పోసే సాఫ్ట్‌వేర్ ఔత్సాహికులు ఉచితంగా తయారు చేసి పెడుతున్నా, కంపెనీ బూట్‌లోడర్ తెరవనివ్వకపోతే దాన్ని ఎక్కించే దారే ఉండదు. కొన్ని కంపెనీలు అసలు తెరవనివ్వవు. షావోమీ రోజుల తరబడి ఆగమంటుంది. శాంసంగ్ ఫోన్లలో, బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే కాలిపోయే నాక్స్ అనే భద్రతా ఫ్యూజు ఒకసారి పోతే మళ్లీ రాదు, రహస్య ఫైళ్లు దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ లాంటివి దానితోపాటే పోతాయి. ఆ ఫోన్లు చివరికి సొరుగుల్లో చేరతాయి. ఈ సంపాదకీయం రాస్తున్న గదిలోనే అలాంటివి రెండున్నాయి.

రూట్ చేయడం నేరమేమో అని జంకేవాళ్లున్నారు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్, ఇతరుల హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొట్టడాన్నే తప్పు పడుతుంది. సొంత ఫోన్‌ను సొంత వాడకానికి తెరుచుకోవడం ఆ కోవలోకి రాదు. అమెరికాలో ఫోన్ జైల్‌బ్రేక్‌కు, అంటే కంపెనీ వేసిన తాళాన్ని సొంతదారు తెరుచుకోవడానికి, 2010లోనే మినహాయింపు దొరికింది. యూరప్ 2025 జూన్ నుంచి ఇంకో మెట్టు ఎక్కింది. ఒక మోడల్ అమ్మకం ఆగిపోయాక కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు అందించాలన్నది అక్కడి నిబంధన. మన వినియోగదారుల శాఖ రిపేరు హక్కు కోసం 2022లో కమిటీ వేసింది, పోర్టల్ కూడా తెరిచింది. ఫోన్ రిపేరు అంటే స్క్రీను, బ్యాటరీ మాత్రమేనా? సాఫ్ట్‌వేర్ రిపేరు కాదా?

కొత్త ఫోన్‌ను గట్టిగా తాళం వేసి అమ్మడం మీద మాకు పేచీ లేదు. వారం ఆగమన్నా, ఎర్రక్షరాల హెచ్చరిక చూపినా ఫర్వాలేదు. ఆఖరి అప్‌డేట్ ఇచ్చిన రోజునే బూట్‌లోడర్ తాళంచెవిని కొన్నవాడికి ఇచ్చి తీరాలన్న నిబంధన మాత్రం రావాలి. బ్యాంకులు కూడా అలా తాళం తెరిచిన ఫోన్‌ను గేటు దగ్గరే వెనక్కి పంపే బదులు, రోజుకు రెండు మూడు వేల పరిమితి పెట్టి టీ కొట్టు దగ్గర స్కాన్ చేసుకునే వీలైనా ఇవ్వాలి.

అమ్మే ముందు ఆ సంగతి చెప్పడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అప్‌డేట్లు ఫలానా నెల దాకా, ఆ తర్వాత తాళం తెరుస్తాం అని బాక్సు మీద ఒక లైను వేస్తే చాలు. ధర, తయారైన నెల ఎలాగూ అచ్చు వేస్తున్నారు. ఆ పక్కన ఇంకో లైనుకు చోటుంది.