రక్తనాళం పగిలితే డ్రగ్సేనా?

చిన్న వయసువారెవరైనా బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం) చీలి చనిపోయారనగానే ఒక మాట పాకిపోతుంది: "ఆరోగ్యవంతుల రక్తనాళం ఊరికే పగలదు. డ్రగ్సే కారణం. పోస్టుమార్టంలో తేలలేదంటే దాచిపెట్టారు." ఇది మూడు వాక్యాల్లోనూ తప్పే. మొదటి వాక్యమైతే ప్రాణాల మీదకు తెస్తుంది.

పైకి ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన ధమని గోడ గట్టిదని కాదు. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టులో ఉన్నారు. 1986 జనవరిలో జపాన్‌లో మ్యాచ్ జరుగుతుండగా బెంచీ మీదే కుప్పకూలి, 31 ఏళ్లకే మరణించారు. మొదట గుండెపోటు అనుకున్నారు. శవపరీక్షలో బృహద్ధమని చీలిందని, దానికి మూలం మార్ఫాన్ సిండ్రోమ్ అని బయటపడింది. ధమని గోడను పట్టి ఉంచే కణజాలాన్ని బలహీనపరిచే జన్యులోపమది. ఆ తర్వాతే ఆమె సోదరుడికి పరీక్షలు చేస్తే ఆయనకూ అదే ఉందని తేలింది, శస్త్రచికిత్స జరిగింది. అప్పుడు "డ్రగ్స్" అని తేల్చేసి ఊరుకుని ఉంటే ఆయన గతి ఏమయ్యేది?

ఇక రెండో మాట. కొకైన్ ధమనిని చీల్చగలదు, ఇందులో అనుమానం లేదు. రక్తనాళాలను బిగించే నార్‌అడ్రినలిన్ అనే రసాయనం నరాల చివర విడుదలయ్యాక దాన్ని వెనక్కి పీల్చుకోనివ్వదు. రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఆ ఒత్తిడికి ధమని లోపలి పొర చిరుగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ఆసుపత్రి 2002లో ఇచ్చిన లెక్కలో బృహద్ధమని చీలిన 38 మంది రోగుల్లో 14 మంది కొకైన్ వాడినవారే. కానీ అది క్రాక్ కొకైన్ (పొగగా పీల్చే రకం) వాడకం బాగా ఉన్న నగర ప్రాంతపు ఆసుపత్రి. ఇలా ధమని చీలిన రోగుల వివరాలతో ఎన్నో దేశాల ఆసుపత్రులు కలిసి నిర్వహించే రిజిస్ట్రీని 2014లో పరిశీలిస్తే 3,584 మందిలో అలాంటివారు 63 మంది, నూటికి ఇద్దరు కూడా లేరు. అదే రిజిస్ట్రీలో 40 ఏళ్ల లోపు వారిని విడిగా చూసిన 2004 నాటి పరిశీలనలో సగం మందికి మార్ఫాన్ ఉంది. అన్ని వయసుల వారినీ కలిపి చూస్తే ప్రధాన కారణం అధిక రక్తపోటు. మన ఇళ్లలో "కాస్త తగ్గింది కదా" అని మాత్రలు మానేసే జబ్బే అది.

"దాచిపెట్టారు" అన్నదానికి ఆధారం ఏదీ లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల మీద నింద మాత్రం ఉంది. ఒకవేళ కొకైన్ ఆనవాళ్లు దొరికినా ధమని గోడను పరీక్షించాల్సిందే, ఎందుకంటే రెండు కారణాలూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

ఇలాంటి మరణం జరిగిన ఇంట్లో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు గుండె వైద్యుణ్ణి కలిసి ఎకో పరీక్ష చేయించుకోవాలి. ధమని ఉబ్బు ముందే కనబడితే పగలకముందే సరిచేయవచ్చు.