నలుపు విరిగితే నూనె బాగుపడినట్టా?

నెల్లూరు ఆటోనగర్‌లో ఏ షెడ్డుకెళ్లినా ఓ మూల పైభాగం కోసేసిన ప్లాస్టిక్ క్యాన్ కనిపిస్తుంది. మెకానిక్ లారీ కిందికి దూరి డ్రెయిన్ నట్టు విప్పగానే తారులాంటి వేడి నూనె అందులోకి జారుతుంది. ఆ తర్వాత అది ఎటు పోతుందన్నది ఎవరికీ పట్టదు. కొంత సెంట్రింగ్ పలకలకు పూస్తారు, కొంత డ్రమ్ములతో వచ్చేవాళ్లు కొనుక్కుపోతారు, మిగిలింది మురుగుకాల్వ పాలు. హైవే లారీలు, చీమకుర్తి గ్రానైట్ టిప్పర్లు, రొయ్యల చెరువుల జనరేటర్లు, వేట బోట్లు... నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంజిన్లకు కొదవేముంది? ఒక్క బండికి ఆయిల్ మార్చగా వచ్చిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఏనాడో హెచ్చరించింది.

ఈ నూనెను బొగ్గుతో తయారైన యాక్టివేటెడ్ కార్బన్‌లో వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు కదా అనేవారున్నారు. కృష్ణపట్నం రేవులో బొగ్గు కళ్లెదుటే దిగుతుంటే ఆశ పుట్టడం సహజమే. అయితే ఓడలో దిగిన బొగ్గు నేరుగా ఈ పనికి రాదు. గాలి తగలకుండా కాల్చి, 800 నుంచి 1,000 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తేనే అందులో కంటికి కనపడని రంధ్రాలు తెరుచుకుంటాయి. అలా తయారైన మంచి రకం కార్బన్ ఒక్క గ్రాములో దాదాపు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. రంగు, వాసన, క్యాన్సర్ కారకమైన కొన్ని పదార్థాలు దానికి అతుక్కుంటాయి. ఇంటి వాటర్ ఫిల్టర్‌లో పనిచేసేదీ ఇదే.

కానీ ఇంజిన్ ఆయిల్ నీరు కాదు. చిక్కగా ఉంటుంది కాబట్టి వేడి చేస్తే తప్ప రంధ్రాల్లోకి సరిగా దిగదు. పైగా మసి అడుక్కి చేరకుండా తేలుతూనే ఉండాలని కంపెనీలే అందులో రసాయనాలు కలుపుతాయి. ఆ మసి కార్బన్ పొరను త్వరగానే పూడ్చేస్తుంది. నూనెలో కలిసిన డీజిల్‌ను కార్బన్ విడదీయలేదు, దాన్ని మరిగించి తీయాల్సిందే. అరిగిపోయిన రసాయనాలనూ అది తిరిగి తేలేదు. అందుకే వాడిన నూనెను శుద్ధిచేసే పేరున్న కర్మాగారాల్లో (రీరిఫైనరీల్లో) ముందు నీరు, ఇంధనం తీసేస్తారు, గాలి తోడేసిన పాత్రలో (వాక్యూమ్‌లో) మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి నూనెగా పడతారు. బంకమట్టితోనో కార్బన్‌తోనో మెరుగు పెట్టడం చివరి పని. ఆపైన కొత్త రసాయనాలు కలిపితేనే అది మళ్లీ ఇంజిన్ ఆయిల్ అవుతుంది. రంగు మాత్రమే తేలిన నూనెను డబ్బాలో పోసి కొత్తదని అంటగడితే, బోరుకొచ్చే ఇంజిన్ పాపం ఎవరిది?

వాడేసిన నూనె, వాడేసిన కార్బన్ రెండూ 2016 నాటి కేంద్ర నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థాలే. ఇంటి వెనక డ్రమ్ము పెట్టుకుని చేసే పని కాదిది. 2024 ఏప్రిల్ 1 నుంచి నూనె తయారీదారులకు, దిగుమతిదారులకు వాడిన నూనెను రీసైకిల్ చేయించే బాధ్యత కూడా వచ్చింది. ఆ బాధ్యత మన షెడ్ల దాకా రాకుండా కాగితాల్లోనే ఉండిపోతే ఎలా?

ముందు కావాల్సింది సేకరణ. ఆటోనగర్లలో, బోట్లు ఆగే రేవుల్లో మూత ఉన్న ట్యాంకులు పెట్టాలి. అనుమతి ఉన్న కొనుగోలుదారుల పేర్లు, ఫోన్ నంబర్లతో తెలుగులో బోర్డు కట్టాలి. డ్రమ్ముల వ్యాపారి ఇచ్చే ధరకు తగ్గకుండా లీటరుకు డబ్బు చేతికిస్తే, ఏ మెకానిక్కూ కాల్వ వైపు చూడడు. ఈ పని కాలుష్య నియంత్రణ మండలి, మున్సిపాలిటీలు వచ్చే వానాకాలంలోపు మొదలుపెట్టాలి.