సిటే ద్యు వాన్ గారికో విన్నపం

ఫ్రాన్సు దేశం, బోర్డో నగరం, గరోన్ నది గట్టున వైన్ మ్యూజియంగా వేంచేసియున్న మహారాజశ్రీ సిటే ద్యు వాన్ గారి సముఖానికి నమస్కరించి రాయునదేమనగా,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని తెలుస్తూనే ఉంది. 8 కోట్ల 10 లక్షల యూరోల ఖర్చుతో, అందులో ఎక్కువ భాగం జనం సొమ్ముతో, 2016లో వెలిసినవారికి క్షేమానికి కొదవేముంటుంది! 55 మీటర్ల ఎత్తు, ఒళ్లంతా అల్యూమినియం రేకులూ అద్దాలూ. మీ ఆకారం గ్లాసులో తిప్పిన వైన్ సుడి అనీ, ముసలి ద్రాక్షతీగ మెలిక అనీ, గరోన్ నీటి సుడిగుండం అనీ మీ ఆర్కిటెక్టులు చెప్పుకొచ్చారు. మాకైతే మూత వంకరపోయిన మరచెంబులా ఉన్నారు. ఏమీ అనుకోకండి.

లోపల మీరు చేయించే పనుల్లో నాకు బాగా నచ్చింది వాసన చూపించడం. గాజు బుడ్డి కింద ఏదో వస్తువు పెడతారు. పక్కనున్న రబ్బరు బంతి నొక్కి, బాకా మూతిలో ముక్కు దూర్చాలి. సూటూ బూటూ వేసిన పెద్దమనుషులు నడుం వంచి, కళ్లు మూసుకుని, "తేనె... కాదు కాదు, తోలు" అంటూ తలలాడిస్తారు. మా ఊళ్లో ఎవరైనా ఇలా చేస్తే ఇంట్లోవాళ్లు దిష్టి తీయిస్తారు. ఇన్ని యుగాల, ఇన్ని దేశాల ద్రాక్షచరిత్ర చుట్టి వచ్చాక ఎనిమిదో అంతస్తులో టిక్కెట్టుకి ఒక గ్లాసు. పిల్లలకీ, ముట్టనివాళ్లకీ ద్రాక్షరసం.

అసలు మెచ్చుకోవలసింది మీ తెలివి. టీవీలో, సినిమా హాళ్లలో మద్యం ప్రకటనలు కనిపించకూడదని మీ దేశం 1991లోనే ఎవాన్ చట్టం తెచ్చింది. మా దేశంలోనూ నిషేధమే. అందుకని మావాళ్లు విస్కీ పేరుతోనే సోడా, మ్యూజిక్ సీడీ అమ్ముతున్నట్టు నటిస్తారు. పాపం, చిన్న బుద్ధులు. మీరు ఏకంగా నాగరికత అమ్ముతున్నారు! మిమ్మల్ని నడిపే ఫౌండేషన్ పేరులోనే 'వైన్ సంస్కృతి, నాగరికతలు' ఉన్నాయి. నది ఒడ్డున 55 మీటర్ల ప్రకటన నిలబెట్టి, దానికి టిక్కెట్టు కూడా పెట్టడం మావాళ్లకి ఎప్పటికి తట్టేను?

ఇక అసలు సంగతి. మీ గుమ్మం దాటి కాస్త దూరం వెళితే రైతులు ద్రాక్షమొక్కల్ని వేళ్లతో సహా పెకలిస్తున్నారు. ఫ్రాన్సులో ఎర్ర వైన్ తాగేవాళ్లు తగ్గారు, చైనా కొనడం తగ్గించింది, సరుకు మిగిలిపోయింది. 2023లో బోర్డో చుట్టూ సుమారు 9,500 హెక్టార్లు, అంటే మన లెక్కన 23,000 ఎకరాల పైచిలుకు, తీసేయించాలనుకున్నారు. హెక్టారుకి 6,000 యూరోల పరిహారం. కాగితం మీద కారణం మాత్రం వదిలేసిన తోటల నుంచి తెగులు పాకకుండా ఆపడమట! సర్కారు ఏ దేశంలోనైనా సర్కారే. పెకలించేది పెద్ద షాతోల వాళ్లు, అంటే పేరుమోసిన వైన్ ఎస్టేట్ల వాళ్లు, కాదు. వాళ్ల గ్రేడులు 1855లో రాసిన బోర్డో వైన్ల శ్రేణుల జాబితాలో భద్రంగా ఉన్నాయి. రెండో శ్రేణి నుంచి మొదటి శ్రేణికి ఎక్కింది ఇంతవరకూ మూతోన్ రోత్‌షీల్డ్ అనే షాతో ఒక్కటే, అదీ 1973లో. పెకలించేవాళ్లు చౌక వైన్ పోసే చిన్న రైతులు. అదే ఏడాది మిగులు వైన్‌ని బట్టీ పెట్టి ఆల్కహాలుగా మార్చడానికి 20 కోట్ల యూరోలు కేటాయించారు. ఆ ఆల్కహాలు సెంట్లలోకి, శానిటైజర్లలోకి పోవాలని ఉద్దేశం.

కాబట్టి నా విన్నపం చిన్నదే. వాసనల దగ్గర ఇంకో గాజు బుడ్డికి చోటు చూడండి. దాని కింద ఓ శానిటైజర్ సీసా పెట్టండి. పెద్దమనుషులు బంతి నొక్కి, కళ్లు మూసుకుని, "ఆహా, బోర్డో, 2022 పంట" అంటారేమో చూద్దాం.

ఇట్లు,
ద్రాక్షరసం వరుసలో నిలబడ్డ ఓ తెలుగువాడు